రాళ్ళు లేని మూల

గడ్డి మిషన్ నాలుగు బారలు పోయి టక్కున ఆగిపోయింది.

"దిబ్బ తగిలింది సార్," అంటూ మోహన్‌కృష్ణ సీటు మీద నుంచి దిగాడు. ఆత్మకూరులో వ్యవసాయ పనిముట్ల షాపు అతనిది. చూసి ఎంచుకోమని రెండు రకాల మిషన్లు ట్రక్కులో వేసుకొచ్చాడు.

ఉదయగిరి దారిలో ఉన్న ఆ చర్చి కాంపౌండు పది ఎకరాల పైమాటే. ఆ ఏడు వానలకు గడ్డి మోకాళ్ళు దాటింది. మిషన్ ఎంచే పని కమిటీ వాళ్ళు రిటైరైన హెడ్మాస్టరు డేవిడ్‌రాజుకు అప్పగించారు.

"ఈ చిన్నది నెట్టుకుంటా పోవాల సార్. దిబ్బల సందుల్లో గూడా దూరుతుంది. కాకపోతే పది ఎకరాలు నెట్టేసరికి మనిషే దిబ్బ కిందికి పోతాడు."

డేవిడ్‌రాజు నవ్వలేదు. మోహన్‌కృష్ణ నాలుక కరుచుకున్నాడు. వాళ్ళు నిలబడి ఉన్నది సమాధుల తోటలో.

"కూర్చోని నడిపేది తీసుకోండి సార్. ఒక్క పూటలో అయిపోతుంది. నేల మట్టుకు చదునుగా ఉండాల. ఈ మూల ఇట్టే ఉంటే బ్లేడు నిలవదు."

ఆ పడమటి మూలలో సమాధులకు రాళ్ళు లేవు. పసిబిడ్డలను పెట్టిన చోటు అది. వానలకు అణగిపోయి, ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.

డేవిడ్‌రాజు కూతురు అక్కడే ఎక్కడో ఉంది.

కాన్పు కష్టమై భార్య కరుణశ్రీకి స్పృహ తప్పితే, ఆయన ఆమెను తీసుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. బిడ్డ ఉదయగిరి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. వారం బతికింది. వీళ్ళు తిరిగొచ్చేసరికి సంఘ పెద్దలు మట్టి చేసేశారు. చోటు చూపించమని అడగడానికి ఆయనకు చాలాకాలం ధైర్యం చాలలేదు. అడిగేనాటికి చూపించేవాళ్ళు మిగల్లేదు.

ఏటా ఈస్టర్ తెల్లవారుజామున అందరూ తమ తమ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తే, కరుణశ్రీ పడమటి గోడ మీద పెట్టి వచ్చేది.

"మన పాప ఏడుండాదో తెలిస్తే చాలండీ. ఇంకేం అడగను," అనేది.

ఇప్పుడు పక్షవాతంతో చక్రాల కుర్చీలో ఉంది. పోయిన ఈస్టర్‌కు ఆ దిబ్బల్లో కుర్చీ కదలక గేటు దగ్గరే ఉండిపోయింది.

"చదును చేయిస్తే చక్రాల కుర్చీ పోతుందా?" అని అడిగాడు డేవిడ్‌రాజు.

"కుర్చీ ఏంది సార్, కారే పోతుంది."

"అయితే పెద్దదే తీసుకుందాం."

అప్పుడు గడ్డిలోంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. నుదుట కుంకుమ బొట్టు, చేతిలో కొడవలి. బర్రెకు గడ్డి కోసుకోవడానికి ఏళ్ళ తరబడి వస్తోంది. సంఘంలో మనిషి కాదు. అందరూ గడ్డామె అంటారు. పేరు ఎవరూ అడగలేదు.

"మిషనొస్తే నన్ను రానీరా అయ్యోరా?"

"రావద్దమ్మా. బ్లేడుతో ప్రమాదం."

"గడ్డి పోతే పోయిందిలే. ఈ మూల మట్టుకు నన్నే కోసుకోనీండి. పూలచెట్టుండాది."

గోడకు ఇవతల బిళ్ళగన్నేరు గుబురు ఒకటి ఉంది. ఆమె ఎప్పుడు కోసినా దాని చుట్టూ కోసి, దాన్ని వదిలేసేది. చూసినప్పుడల్లా పని సగంలో వదిలేసినట్టు తోచేది డేవిడ్‌రాజుకు.

"నీ బర్రెకు పూలు గూడా కావాల్నా అవ్వా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

"ఇంకా మంచి పూలచెట్లు మేమే పెట్టిస్తాంలే," అన్నాడు డేవిడ్‌రాజు.

ఆమె గుబురు చుట్టూ మిగిలిన గడ్డి కోసేసింది. గడ్డిమోపు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమే ట్రాక్టరు పెట్టి మూలంతా చదును చేయించారు. డేవిడ్‌రాజు దగ్గరుండి చూసుకున్నాడు. మళ్ళీ మొలిచిన గడ్డిని కొత్త మిషన్ చాప పరిచినట్టు కోసింది.

ఈస్టర్ తెల్లవారుజామున కుర్చీ ఎక్కడా ఆగకుండా పడమటి మూలకు వెళ్ళింది.

"ఎంత బాగుండాదండీ," అంది కరుణశ్రీ. "కొవ్వొత్తి ఏడ పెట్టమంటారు?"

"ఎక్కడ పెట్టినా మన పాప దగ్గరే," అన్నాడు ఆయన.

ఆ ఒక్కరోజు గేటు అందరికీ తెరిచి ఉంటుంది. గడ్డామె లోపలికి వచ్చింది. పడమటి మూలకు వచ్చి నిలబడిపోయింది. గోడ నుంచి నాలుగు అడుగులు వేసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వేసింది. పక్కకు జరిగింది. చివరికి నేల మీద కూలబడింది.

"చెట్టేది అయ్యోరా?"

"తీసేశామమ్మా."

"ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగింది కరుణశ్రీ.

"ఈడ ఒక బిడ్డుండాదమ్మా. ఆ చెట్టు గుర్తుకని నేనే నాటుకున్నా."

"నీ బిడ్డా?"

"నా బిడ్డ పుట్టంగానే పోయినాడు. ఏడ పూడ్చినారో నాకు చూపించలా. అందుకే ఈ బిడ్డను ఈడికి తెస్తా ఉంటే ఎనకాలే వచ్చినా. దీని చోటన్నా తెలిసుండాలని."

"ఎవరి బిడ్డ?" అని అడిగాడు డేవిడ్‌రాజు.

"ఎవురి బిడ్డో తెలవదయ్యా. ఉదయగిరి ఆస్పత్రిలో ఉన్నింది. తల్లికి బాగలేదని నెల్లూరికి తీసకపోయినారంట. గుక్కపెట్టి ఏడుస్తా ఉంటే నర్సమ్మ తెచ్చి నా ఒళ్ళో ఏసింది."

కరుణశ్రీ చేతిలోని కొవ్వొత్తి ఇంకా వెలిగించనే లేదు.

"పొయ్యేదాకా నా పాలే తాగిందమ్మా," అంది గడ్డామె, చదును చేసిన నేలను రెండు అరచేతులతో తడుముతూ.