ఆగండి... ఆగండి... గోల్!

“ఆ పెద్దాయన్ని కాస్త బయటికి పంపేయండి డాక్టరమ్మా!”

తలనిండా వైర్లతో మంచం మీద కూర్చున్న ఫుట్‌బాల్ కామెంటేటర్ తెగేసి చెప్పింది.

మూల స్టూలు మీద ఉన్న పెద్దాయన బిక్కమొహం వేశాడు.

పొద్దున్నుంచీ ఆయన ఆమె పక్కనే ఉన్నాడు. ఎవరో, ఎందుకొచ్చాడో తెలీదు. “భయం... వద్దు... కరెంటు... మంచి...” అంటూ ఒక్కో మాటకీ తంటాలు పడుతున్నాడు. జాలిపడి ఆమే కబుర్లు చెప్పింది.

“నా చిన్నప్పుడు రేడియోలో ఒకాయన మ్యాచ్ చెప్పేవాడు తాతగారూ. ‘ఆగండి... ఆగండి... గోల్!’ అని కేకేస్తే ఇల్లు దద్దరిల్లిపోయేది. ఆ కేక కాపీ కొట్టే నేను బతుకుతున్నాను. ఆయన మాత్రం ఉన్నట్టుండి మానేశాడు. పేరొచ్చాక కళ్లు నెత్తికెక్కి ఉంటాయి!”

పెద్దాయన పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు పరీక్ష మొదలవుతోంది.

“ఎదురుగా తడబడేవాళ్లుంటే మాకూ తడబాటు అంటుకుంటుంది. మైకు పట్టినవాళ్లందరి నమ్మకం ఇది. ఏమనుకోకండి తాతగారూ!”

ఆయన ఏమీ అనుకోలేదు. బొటనవేలు ఎత్తి చూపించి బయటికి నడిచాడు.

“రేపు ఆపరేషన్లో మీకు ఫిట్స్ పుట్టించే చోటు తీసేస్తాం,” అంది డాక్టరమ్మ. “మాట పుట్టే చోటు ఆ పక్కనే ఎక్కడో ఉంది. అదెక్కడో ఇవాళ తేలాలి.”

“తేలకపోతే నా నోరు మూతబడ్డట్టేగా! అది సరే, కరెంటు పెడితే బుర్ర మాడిపోదు కదా?”

“చీమ కుట్టినంత కూడా ఉండదు. కొద్దికొద్దిగా పెంచుతాను. దీనివల్ల ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. అందుకే తెర మీద మీ మెదడు గీతలు ఏమాత్రం తేడాగా కదిలినా ఆపేస్తాను. మందు కూడా సిద్ధంగా ఉంది. ఊఁ, మాట ఆపకుండా మ్యాచ్ చెప్పండి!”

ఆమె గొంతు సవరించుకుంది.

“అదిగో, బంతి పదో నంబరు కాళ్ల దగ్గర! ఒకణ్ణి తప్పించాడు! ఇద్దర్ని!”

“ఇక్కడ ఏం కాలేదు. ఇంకో చోట పెడుతున్నా.”

“దూసుకొస్తున్నాడు! ముందు గోల్‌కీపర్ ఒక్కడే! ఆగండి... ఆ... ఆ...”

పెదాలు కదులుతున్నాయి. మాట లేదు.

డాక్టరమ్మ టక్కున కరెంటు ఆపేసింది.

“...ఆగండి! గోల్!”

“దొరికింది!” డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. “గీతలు కూడా తేడాగా కదల్లేదు! కరెంటు తగలగానే మాట ఆగిందంటే, మాట పుట్టే చోటు ఇదే. రేపు కత్తి దీని దరిదాపులకు పోదు. మైకు మీదే పొండి!”

“బతికాను దేవుడోయ్!”

ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

అంతలో తలుపు బయట ఒక కేక. ఎక్కడా తడబడకుండా, వరండా అంతా మారుమోగేలా.

“ఆగండి... ఆగండి... గోల్!”

ఆమె గభాల్న తలుపు వైపు తిరిగింది. ఆ గొంతు వింటూనే తను పెరిగింది.

“తాతగారూ!”

లేవబోయింది. వైర్లు పట్టేశాయి. డాక్టరమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. బయట అడుగుల చప్పుడు దూరమైంది. లిఫ్టు తలుపు మూసుకుంది.

“ఆగమనండి డాక్టరమ్మా! ఎంతెంత మాటలన్నాను!”

“ఆగరు. ఈ పరీక్ష ఎవరికి చేసినా వస్తారు, గట్టెక్కారని తెలియగానే వెళ్లిపోతారు.” డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. “ఆయనకి ఆపరేషన్ చేసిన రోజుల్లో ఇక్కడ ఈ పరీక్ష లేదమ్మా, ఫిట్సుతో పాటు మాటలూ పోయాయి, రేడియోలో వేసిన ఆ ఒక్క కేకే తడబడకుండా మిగిలింది.”