ఒలిచిన అరటిపండు

పడుకునే ముందు దర్జీ షుగరు చూసుకున్నాడు. కాస్త తక్కువే ఉంది. "గుప్పెడు పల్లీలు చాలులే" అనుకుని, అరటిపండును వంటింట్లోనే వదిలేసి, తలుపు గడియ వేసి మంచమెక్కాడు.

భార్య ఉన్నప్పుడు ఈ ఆటలు సాగేవి కావు. "పల్లీలు నింపాదిగా పనిచేస్తాయి మహానుభావా! నీ షుగరేమో లిఫ్టులో దిగుతుంది" అని దెప్పేది. రాత్రి అతనికి చెమట పడితే ఆమే లేచేది. వణికే వేళ్ళకు తొక్క చిక్కదని, పండు ఒలిచి చేతిలో పెట్టేది. "సగమే నీది. నా వాటా ముట్టుకున్నావో, చెబుతా నీ పని!" అనేది. ఆమె పోయి ఏడాది దాటింది.

నడిరాత్రి అతనికి మెలకువ వచ్చింది. దిండంతా చెమట. కాళ్ళు మాట వినడంలేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే మళ్ళీ తెరవడమన్నది ఉండదని అతనికి తెలుసు. వంటిల్లు ఎక్కడో దూరదేశంలా ఉంది. ఇల్లంతా చడీచప్పుడూ లేదు. పక్కనున్న స్టూలు మీద నీళ్ళకోసం తడిమితే, వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది.

అరటిపండు. అప్పుడే ఒలిచినట్టు తడితడిగా ఉంది.

సరిగ్గా సగం తిన్నాడు. మెల్లగా వణుకు తగ్గింది, చెమట ఆరింది, ప్రాణం కుదుటపడింది. మిగిలిన సగాన్ని స్టూలు మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి వెనక, చీకట్లో, ఎవరో నిదానంగా నములుతున్న చప్పుడు.

చప్పుడు ఆగింది. "జరుగు" అనే మాట వినబడకముందే దర్జీ హాయిగా నవ్వుకుని, గోడవైపుకు ఒదిగి, మంచం మీద చోటిచ్చాడు.

పరుపు ఆ పక్క నెమ్మదిగా కుంగింది.