గురివింద గింజల మోజు

అడవిలో ఉన్నట్టుండి గురివింద గింజలకు గిరాకీ పుట్టింది. ఒక్క గింజకు రెండు వేరుశనక్కాయలు ఇస్తున్నారు. తినడానికి పనికిరాని గింజల మీద మోజు నిలవదని ఉడుత బావ కనిపెట్టాడు. అడిగినప్పుడు తిరిగిస్తానని మాటిచ్చి, మైనా దగ్గర గుప్పెడు గింజలు అప్పు తెచ్చి, వాటిని కాయలకు అమ్మేశాడు.

"ధర పడిపోగానే చవగ్గా కొని మైనాకిచ్చేస్తా. మిగిలిన కాయలన్నీ మనవే" అన్నాడు పెళ్లాంతో.

"పడుతుంది సరే, ఎప్పుడు పడుతుంది?" అంది ఉడుతమ్మ.

"రేపో మాపో!"

ధర పడలేదు సరికదా, గింజకు పది కాయలైంది. మైనాకు ఆశ పుట్టింది. "బావా, నా గింజలు నాకిచ్చెయ్. నేనే అమ్ముకుంటా" అని వచ్చి కూర్చుంది. మాట తప్పలేక ఉడుత బావ వానాకాలానికి దాచిన కాయలన్నీ ఊడ్చిపెట్టి, గింజలు కొని ఇచ్చాడు.

వారం తిరక్కుండానే మోజు తీరిపోయింది. గింజలు దారి పొడవునా కాళ్లకింద దొర్లాయి. కుందేలు పరుగున వచ్చి, "నువ్వన్నట్టే అయింది! ఎంత తెలివి బావా నీది!" అంది.

ఉడుత బావ మీసం దువ్వబోయాడు.

"ఉండు కుందేలూ, భోంచేసి వెళ్దువుగాని" అంది ఉడుతమ్మ. "ఇవాళ మా ఇంట్లో ఆ తెలివే వండాను."