ముక్క కనబడితే

"మళ్ల ఇద్దరు ప్యాకేనా?" తిమ్మప్ప గొంతులో ఎప్పటి నవ్వు లేదు.

మద్దిలేటి, వీరేశం తమ ముక్కలు బోర్లా పడేసి ఒకరినొకరు చూసుకున్నారు. ముగ్గురూ గద్వాలలో పక్కపక్క మగ్గాల వాళ్లు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం తిమ్మప్ప ఇంట్లో పోకర్ ఆడతారు.

"నాకు మంచి ముక్కలు పడ్డప్పుడల్లా గిట్లనే చేస్తుండ్రు. ఇద్దరు కలిసి ఆడుతుండ్రా?"

"లేదన్నా," అన్నాడు మద్దిలేటి తలెత్తకుండా. "అవతలోని ముక్క కనబడితే ఇగ ఆడొద్దు, ప్యాక్ కావాలె అని రూల్ పెట్టింది నువ్వే గద."

"నా ముక్కలు మీకెట్ల కనబడ్తయి? గట్టిగ పట్టుకునే ఉన్న."



"నెల సంది చూస్తున్నం," అన్నాడు వీరేశం మెల్లగా. "మగ్గం మీద గూడ నీ ఎడమచేతిల నుంచి దారం విసిరే నాడె జారుతుంది. నీకు తెలుస్తలేదు. రేపు దవాఖానకు పోదమన్నా."

"ఏం మాట్లాడుతున్నవ్‌రా? ఇగో, ముక్కలు చేతిలనే ఉన్నయి."

వాళ్లిద్దరూ అతని చేతి వైపు చూడలేదు. చాప వైపు చూశారు. తిమ్మప్ప కూడా తల వంచాడు.

చాప మీద రెండు రాజులు వెల్లకిలా పడి ఉన్నాయి. అతనికి మాత్రం అవి ఇంకా వేళ్ల మధ్యే ఉన్నట్టుంది.