పద్దెనిమిదో టేకు

"'వెళ్లొస్తా' కాదక్కా, 'వెళ్తున్నా'! పెదవులు కలవట్లేదు," అన్నాడు రికార్డిస్టు గాజు అద్దం ఇవతలి నుంచి. పదిహేడో టేకూ పోయింది.

తెరమీద హీరోయిన్ రైలుపెట్టె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆ పిల్ల పోయి నెలన్నర. ఇరవై ఆరేళ్లు, పదకొండు సినిమాలు, వారం రోజుల జ్వరం, అంతే. డబ్బింగుకు మిగిలింది ఈ ఒక్క మాట.

డబ్బింగ్ అక్క హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. షూటింగులో ఆ పిల్ల సొంతగొంతుతో పలికిన పైలట్ ట్రాక్ అందులో వినిపిస్తుంది. దాని మీద ఈవిడ గొంతు పెట్టాలి. టేకు ఓకే కాగానే పైలట్‌ని చెరిపేయడం ఆ స్టూడియో పద్ధతి.

"ఇంకోసారి వెయ్యి నాయనా. చివరిదాకా వెయ్యి."

దర్శకుడు గడియారం చూసుకున్నాడు. "చచ్చిపోయిన పిల్ల 'వెళ్తున్నా' అంటే అపశకునమా మీకు? మధ్యాహ్నంలోగా కాకపోతే వేరే గొంతును పిలుస్తా. ప్రతి అగ్రిమెంటులోనూ మీ గొంతే కావాలని పట్టుబట్టిందే, ఆ పిల్ల కడసారి చూపుకైనా వచ్చారా మీరు?"

"రావడానికి నాకు మొహమెక్కడిది బాబూ," అందావిడ మెల్లగా.

రికార్డిస్టు ట్రాక్‌ని వెనక్కి తిప్పాడు. ఏడేళ్లలో ఆ పిల్లా ఈవిడా ఒక్కసారీ ఎదురుపడింది లేదు. అయినా ఆ మొహానికి ఈ గొంతు అతికినట్టుండేది. ఆఖరి మాట ఇంకెవరో చెబితే జనం ఇట్టే పట్టేస్తారు. ఒక్క టేకులో దులిపేసే మనిషికి ఇవాళేం పుట్టింది?

పద్దెనిమిదో టేకు. మళ్లీ 'వెళ్లొస్తా'.

దర్శకుడు ఫోను తీసి బయటికి నడిచాడు. రికార్డిస్టు పరుగున లోపలికెళ్లాడు.

"కాళ్లు పట్టుకుంటానక్కా, ఆ ఒక్క మాటా అనేయండి. వేరే ఆవిడ వచ్చేస్తోంది!"

"అనేస్తే దీన్ని చెరిపేస్తావుగా?"

"చెరపకుండా దాచుకుంటామా? మొదట్నుంచీ అంతేగా!"

డైలాగు ఎప్పుడో అయిపోయినా ఆవిడ హెడ్‌ఫోన్స్ తీయలేదు. కళ్లు మూసుకుని ఇంకా వింటూనే ఉంది. అతనికి ఒళ్లు మండింది, అనుమానమూ వచ్చింది. తన సీటు దగ్గరికెళ్లి ఇంకో జత హెడ్‌ఫోన్స్ చెవులకు తగిలించుకుని మొదటినుంచి వేశాడు.

'వెళ్తున్నా.' రైలు చప్పుడు. దూరంగా ఎవరో 'కట్' అన్నారు. ఆ తర్వాత ఆ పిల్ల గొంతే, మైకుకు బాగా దగ్గరగా, గుసగుసగా:

"నాన్న ఒప్పుకున్నాడు, ఇంటికి రా అమ్మా."