పేరు లేని సాక్షి

"ఆ డాక్టరు కోటు విప్పించేదాకా నేను ఊరుకోను!" అంటూ బోర్డుల పెయింటరు లాయరు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఎనిమిది నెలలు! మా ఆవిడ కడుపులో గడ్డ ఉందని ఎనిమిది నెలలుగా వాడికి తెలుసు. నాకు చెప్పలేదు. నాకు తెలిసేసరికి మోసుకెళ్లడమే మిగిలింది."

పక్క కుర్చీలో కూతురు తల వంచుకుని కూర్చుంది. బల్ల అదిరి కింద పడిన పెన్ను మూత ఏరి పైన పెట్టింది.

లాయరు కళ్లజోడు సర్దుకున్నాడు. "డాక్టరు దగ్గర్నుంచి జవాబొచ్చింది. గోప్యత అంటున్నాడు."

"అంటే?"

"అదేమిటండీ, ఆయన గది బయట బోర్డు మీద మీరే రాశారుగా. 'రోగుల విషయంలో గోప్యత పాటించబడును' అని."

"రాశాను. చివర్లో చోటు చాలక రెండక్షరాలు ఇరికించాను కూడా. అర్థాలు నాకెందుకు? నాకు అక్షరం వంపే కనిపిస్తుంది. బయట మీ బోర్డూ అంతే, ఏం రాశానో అడిగితే చెప్పలేను."

"రోగి సంగతి రోగి ఒప్పుకోకుండా మూడో మనిషికి చెప్పకూడదు. అదీ గోప్యత. మాకూ అంతే. రేపు మీ అమ్మాయే వచ్చి, మా నాన్న మీకేం చెప్పాడని అడిగినా నేను నోరు విప్పకూడదు."

"నేను మూడో మనిషినా? ముప్పై ఒక్కేళ్లు కాపురం చేసిన మొగుణ్ణి!"

"చట్టానికి మొగుడైనా మూడో మనిషే."

పెయింటరు మొహం మాడిపోయింది. "సరే. మరి నిర్లక్ష్యం మాటేమిటి? నోటీసులో మీరే కదా రాశారు."

"అదే చోట ఇంకో డాక్టరుంటే తీసుకునే జాగ్రత్త ఈయన తీసుకోకపోతే, అది నిర్లక్ష్యం. ఈయన గడ్డ కనిపెట్టాడు. కోయించుకోమన్నాడు. మీ ఆవిడ వద్దంది. ఆవిడ సమ్మతి లేకుండా కత్తి పెడితే, అప్పుడది నేరం."

"వద్దందా? మా ఆవిడా?" పెయింటరు నవ్వాడు. "నన్నడక్కుండా ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టదండీ అది."

"నువ్వు వింటే కదా నాన్నా, అడగడానికి," అంది కూతురు.

"నువ్వాగు."

లాయరు ఫైల్లోంచి ఓ కాగితం తీశాడు. "ఆపరేషన్ వద్దని ఆవిడ రాసిచ్చింది. కలరు జెరాక్సు పంపారు. తారీఖు చూడండి."

పెయింటరు తారీఖు చూసి ఎగిరిపడ్డాడు. "ఆ రోజు నేనక్కడే ఉన్నాను! అదే ఆసుపత్రిలో, నిచ్చెన మీద. ఆ దిక్కుమాలిన గోప్యత బోర్డే, తెల్ల రేకు మీద నీలం అక్షరాలు. మా ఆవిడా వచ్చింది. నిచ్చెన కింద నిలబడి ఏదో అంది. చేతిలో కుంచె ఉంటే నాకు చెవులు పనిచెయ్యవు, అది దానికీ తెలుసు. ఇంత సంగతే ఉంటే గట్టిగా అరవదూ? ఇది దొంగ కాగితం."

"ముందు చదవండి."

చదివాడు. దొంగ కాగితం కాదు. ముప్పై ఏళ్లు అతని బోర్డులకు సుద్దముక్కతో గీతలు గీసిచ్చిన చెయ్యే రాసింది. గీతల్లేని కాగితం మీద కూడా ఒక్క వరస వంకర పోలేదు.

'ఆపరేషన్ నాకు వద్దు. ఈ సంగతి మా ఆయనకు చెప్పవద్దు. తెలిస్తే నా మాట వినడు.'

పెయింటరు కాగితాన్ని బల్ల మీద పడేశాడు.

"ద్రోహం," అన్నాడు. "రోజూ నా కంచం పక్కనే కూర్చుని ద్రోహం."

లాయరు గొంతు తగ్గించాడు. "ఒక్క దారి ఉంది. వెనక పేజీలో సాక్షి సంతకం ఉంది. పేరు రాయలేదు. మీ ఆవిడ కాగితం పట్టుకుని బయటికెళ్లి, నిమిషంలో ఎవరిచేతో సంతకం పెట్టించుకొచ్చిందట, నర్సు అంటోంది. ఆ మనిషి కోర్టుకొచ్చి, నేను చదవకుండా పెట్టాను అంటే ఈ కాగితానికి బలం తగ్గుతుంది. మన కేసు నిలబడుతుంది."

పెయింటరు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నాకే తెలిసుంటే అమ్మని ఎత్తుకెళ్లైనా కోయించేదాన్ని."

"అయితే మీ మామయ్యే. అక్కాతమ్ముళ్లిద్దరూ ఎప్పుడూ గుసగుసలే."

"నాన్నా, మామయ్య ఊళ్లోనే లేడప్పుడు."

"ఎవడైతేనేం!" పెయింటరు లేచి నిలబడ్డాడు. "ఆడమనిషి తన చావు కాగితం తెచ్చి ముందు పెడితే, ఒక్క ముక్క చదవకుండా, ఇదేంటమ్మా అని ఒక్క మాట అడక్కుండా సంతకం పారేసిన వెధవ! వాణ్ణి బోనెక్కించండి. నా భార్యని చంపింది డాక్టరు కాదు, వాడు. ఇదే మాట రాసుకోండి. నేను సంతకం పెడతాను."

లాయరు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. తర్వాత ఆవిడ కాగితం వెనక్కి తిప్పి అతని ముందుకు జరిపాడు.

"గుర్తుపడతారేమో చూడండి."

ఆ సంతకం పెన్నుతో పెట్టింది కాదు. సన్న కుంచెతో, నీలం పెయింటుతో పెట్టింది.