పీరుసాయిబు మేకపోతు

కాలేషా లుంగీ మడతలో తాడు దాచుకుని లాంచీ ఎక్కాడు.

పక్కన పెళ్లాం షంషాద్. ఆమె కొంగున రెండు జొన్నరొట్టెలు. దారిలో తినడానికని చెప్పింది గానీ, ఎవరి కోసమో మొగుడికి తెలియదా ఏం?

లాంచీలో మిగతావాళ్లంతా సాగర్ మధ్యలో గుట్ట ఎక్కుదామని, జింకల్ని చూద్దామని మాచర్ల నుంచి వచ్చిన షోకిలా మనుషులు. వీళ్లు మాత్రం మేకపోతు కోసం.

కొన్నేళ్ల కిందట కాలేషా కామెర్లతో మంచాన పడ్డప్పుడు, తగ్గితే ఉరుసుకి మేకపోతును కోస్తానని దర్గాలోని పీరుసాయిబుకు మొక్కుకున్నాడు. తగ్గింది. ఓ మేకపిల్లను తెచ్చి, ఆచారం ప్రకారం మొక్కు గుర్తుగా చెవి కోసి వదిలాడు.

అలా వదిలినదాన్ని ఎవరూ కొట్టకూడదు. ఇంకేం, ఊరంతా దానిదే అయింది.

తన కందిచేను మేసిందని ఇన్నయ్య కర్ర పుచ్చుకొస్తే కాలేషాది ఒకటే మాట. "నాదెట్టవుద్ది బావా? చెవి కోసినాక అది పీరుసాయిబుది. పోయి ఆయన్నడుగు."

దాన్ని మేపింది షంషాద్. ఉరుసు వచ్చినప్పుడల్లా అడ్డం పడిందీ షంషాదే. "ఇంకా బక్కగానే ఉందయ్యా. ఇట్టాంటిదాన్ని ఇస్తే నవ్విపోతారు."

అరవై ఏడులో సాగర్ నీళ్లొచ్చాయి. ఊరు ఊరంతా సామాను బండ్లకెత్తుకుని పోతుంటే ఆ తిక్కది గుట్టెక్కి కూర్చుంది. పిలిస్తే రాలేదు, తిడితే రాలేదు. చూస్తుండగానే గుట్ట చుట్టూ నీళ్లు నిలిచాయి.

ఇప్పుడు ఆ గుట్ట సర్కారుది. అక్కడ మనిషి కాపురం ఉండకూడదు, జంతువును ముట్టుకోకూడదు. బోర్డు పెట్టారు.

వచ్చే శుక్రవారం ఉరుసు.

ముళ్లకంపల్లో చీరా లుంగీ చించుకుంటూ గుట్టెక్కారు. జింక ఒక్కటీ కనబడలేదు. బండ మీద గడ్డం పెంచుకుని, నలుగురు ఎత్తినా లేవనంత లావున, మేకపోతు కనబడింది.

"ఎంత బలిశావు నా తండ్రీ" అని మురిసిపోయింది షంషాద్. అంతలోనే ఉరుసు గుర్తొచ్చింది. బక్కదని చెప్పడానికి ఇక లేదు.

కాలేషా తాడు తీశాడు. వెనక నుంచి ఫారెస్టు వాచరు ఆంజనేయులు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది సాయిబూ, బోర్డు చూళ్లేదా?"

"ఇది అడివిది కాదయ్యా, మా మేక. చెవి చూడు, కోసింది నేనే."

"పోయినారం ఒకాయన జింకని చూపెట్టి కూడా మాదేనన్నాడు." ఆంజనేయులు షంషాద్ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు ఒట్టేసి చెప్పు, తోలుకుపోండి. ఇది మీదేనా?"

అప్పటికే మేకపోతు వచ్చి, కొంగుతో సహా రొట్టె నములుతోంది.

షంషాద్ దాని చెవి నిమిరింది. మొగుడి వంక సూటిగా చూసింది.

"అల్లా మీద ఒట్టు. ఇది మాది కాదయ్యా."

"ఏందే..." అని నోరు తెరిచాడు కాలేషా. ఇన్నయ్యకూ, ఊరందరికీ తను చెప్పిన మాట గుర్తొచ్చింది కాబోలు, తీసిన తాడు చుట్టి మళ్లీ లుంగీ మడతలో పెట్టుకున్నాడు.

తిరుగు లాంచీ ఎక్కారు. ఒడ్డు దగ్గర పడుతుండగా కాలేషా గొంతు తగ్గించి అడిగాడు.

"నాకు మళ్లీ కామెర్లొస్తేనో?"

షంషాద్ సగం మిగిలిన కొంగును నడుము చుట్టూ దోపుకుంది.

"రావులే. ఆయన మేకను ఆయన మేపుకుంటన్నాడు. నీతో ఆయనకేం పని?"